కృష్ణాజల వివాదము – మన ధర్మము
(మణికొండ సభలో గావించిన ఉపన్యాసము)



మణికొండలో గురిసిన వాన మూసీలో గలిసి వాడపల్లికడ కృష్ణను జేరుచున్నది. 2004 మొదలు ఆ కృష్ణాజలమే నాగార్జునసాగరమునుండి మన నగరమునకు వచ్చుచున్నది. కావున ఈ వ్యాజ్యమున మనము పక్షమువారమేగాని ప్రేక్షకులము గాము.

1969లో నేర్పడిన బచావత్ న్యాయాధికరణము నాటి ఆంధ్రప్రదేశమునకు, మరల నదిని జేరు నీటితో గూడ, 811 టి.ఎం.సీ.లు కేటాయించెను. 2014లో రాష్ట్రము విడిపోగా, 2015లో ఆంధ్రకు 512, తెలంగాణమునకు 299 అని యొక యేటికి తాత్కాలికపు టేర్పాటు జరిగెను. అదియే యేండ్లతరబడి సాగెను. 2014లోనే తెలంగాణము ఫిర్యాదు చేసినను, పంపకపు ప్రశ్న బ్రిజేష్ కుమార్ న్యాయాధికరణమునకు 2023లోగాని అప్పగింపబడలేదు. ప్రశ్న వేయుటకే తొమ్మిదేండ్లు! న్యాయవాదులమగు మేము సిగ్గుతో చెప్పుచున్నాము: వాయిదా మాకు వృత్తి, రైతునకు ఎండిన మడి.

పాలమూరు వలసలు బూటకము గావు. 1855లో బెజవాడ ఆనకట్ట వెలసినది మొదలు డెల్టా అనుభవించుచున్న హక్కును బూటకము గాదు. రెండును నిజములు గనుకనే శీఘ్రమైన తీర్పు కావలెను.

మరి మనమో? 1908 వరదల పిమ్మట మన పెద్దలు 1920 నాటికి గండిపేట చెరువు నిర్మించిరి. మనము కుంటలు పూడ్చి మేడలు గట్టితిమి. వేసవిలో టాంకరుకై వీధిలో నిలిచితిమి. ఇంటిపై గురిసిన నీటిని మురుగుపాలు చేసి, పాలమూరు రైతు వాటానుండి తెమ్మనుట ధర్మమా? న్యాయమడుగువారు ముందుగా న్యాయము చేయవలెను. ఈ వర్షర్తువునుండియే ప్రతి యింట ఇంకుడుగుంత త్రవ్వుదము.