కాగితపు ఫోను
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. కరువు భత్యం బకాయిల గురించి చెప్పేవారు నా తర్వాత ఉన్నారు కనుక నేను వేరే సంగతి ఎత్తుకుంటాను.

మా మనుమరాలు డిజైన్ కోర్సు చదువుతోంది. పెద్దవాళ్లు ఇంట్లో కూర్చునే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునేలా సెల్‌ఫోను యాప్ నమూనా ఒకటి తయారు చేయమని వాళ్ల తరగతికి పని ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వం వారి జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది. ముందు వేలిముద్ర, కనుపాప. 2021 నవంబరులో ముఖాన్ని చూసి గుర్తుపట్టే పద్ధతీ వచ్చింది. అయినా మనలో ఎంతమందిమి ఆ పని స్వయంగా చేసుకుంటున్నాం? కొడుకు చేతికో, మీసేవ కుర్రాడి చేతికో ఫోను ఇచ్చి పక్కన కూర్చుంటాం. ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపాలి, చూపకపోతే పెన్షను ఆగిపోతుంది. ఆ రుజువు కూడా ఇంకొకరి చేతిలోనే ఉంది.

నలుగురు పిల్లలు మన సంఘం గదికి వచ్చారు. ల్యాప్‌టాప్ తీస్తారనుకున్నాను. సంచీలోంచి ఫోనంత అట్టముక్కలు తీశారు, వాటి మీద పెన్సిలు గీతలు. మనం గీసిన బొత్తాం మీద వేలు పెడితే ఒక కుర్రాడు ఆ అట్ట తీసి తర్వాతి అట్ట పెడతాడు. అంటే ఆ కుర్రాడే ఫోనన్నమాట! దీన్ని ప్రోటోటైపు అంటారట. మన ఆఫీసు భాషలో డ్రాఫ్టు. ఫెయిర్ కాపీ టైపయ్యాక దిద్దడానికి ఎవరికీ మనసొప్పదు, డ్రాఫ్టునైతే నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తాం. అమెరికాలో జెఫ్ హాకిన్స్ అనే ఆయన 1996లో పైలట్ అనే యంత్రం బజారుకు తెచ్చేముందు, అంత సైజు కొయ్యముక్క చొక్కా జేబులో వేసుకుని తిరుగుతూ, దాని మీద పుల్లతో రాస్తున్నట్టు నటించి చూసుకున్నాడట.

"మేం పరీక్షించేది మిమ్మల్ని కాదు తాతగారూ, మా కాగితాన్ని. మీ మనసులో అనుకునేది పైకి అనండి చాలు" అన్నారు పిల్లలు. ఆ తర్వాత నోరు మెదపలేదు.

కీర్తిశేషుడైన మా సహోద్యోగి భార్య వచ్చి కూర్చున్నారు. ఎనభైకి దగ్గర. మొదటి అట్ట మీద "మీ పేరు". చెప్పారు. రెండో అట్ట మీద "మీరు పదవీ విరమణ చేసిన తేదీ". ఆవిడ ఆగిపోయారు. "నేను ఉద్యోగమే చేయలేదు కదమ్మా" అన్నారు. "ఆయనది చెప్పండి వదినగారూ" అనబోతుంటే మా మనుమరాలు పెదవి మీద వేలు పెట్టి నన్ను ఆపింది. గదంతా నిశ్శబ్దం. చివరికి ఆవిడ "ఇది నాలాంటివాళ్లకు కాదేమో" అని అట్ట పక్కకు జరిపారు.

నలుగురూ బుర్రలు చించుకున్నా కుటుంబ పెన్షను అనేది ఒకటుందని వాళ్లకు తట్టలేదు. ఆ వయసులో తట్టకపోవడం వింతా కాదు. వారం తిరిగేసరికి మొదటి అట్ట మీదే "పెన్షనరా? కుటుంబ పెన్షనరా?" అని రెండు పెద్ద గళ్లు వచ్చాయి. యాప్ పూర్తయ్యాక ఈ సంగతి తెలిసివుంటే, సహాయానికి ఫలానా నంబరుకు ఫోన్ చేయండని తగిలించి ఊరుకునేవారు.

నా వంతు వచ్చింది. చివరి అట్ట మీద పచ్చ టిక్కు, "విజయవంతం" అన్న మాట. "ఇన్‌వార్డు నంబరేదమ్మా?" అన్నాను. మొహాలు చూసుకున్నారు. ఏళ్ల తరబడి తపాలు చూసినవాణ్ణి, నంబరూ తేదీ లేనిదే కాగితం ముట్టినట్టు ఒప్పుకోను. రేపు పెన్షను ఆగితే ఆ పచ్చ టిక్కు ఎవరికి చూపించాలి? ఇప్పుడు నంబరు, తేదీ, ఏ కార్యాలయానికి చేరిందీ కనబడుతున్నాయి.

ఒక మిత్రుడు రెండో అట్ట దాటలేకపోయినా "బ్రహ్మాండంగా ఉందమ్మా, వృద్ధిలోకి రండి" అని దీవించారు. పేరు చెప్పను, ముందు వరుసలోనే నవ్వుతున్నారు. ఆ దీవెన వల్ల పిల్లల కాగితం మీద ఒక్క గీత కూడా మారలేదు.

అయిదుగురితోనే సరిపెట్టారేమని అడిగాను. అయిదుగురితో చూస్తే లోపాల్లో సుమారు 85 శాతం బయటపడతాయని, వాటిని దిద్ది మళ్లీ కొత్తవాళ్లతో చూడమని నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశాడట. లెక్క బాగానే ఉంది. కాని ఆ అయిదుగురూ నాబోటి గుమాస్తాలే అయితే ఇన్‌వార్డు నంబరు దొరికేది, వదినగారి చిక్కు దొరికేది కాదు.

మా రోజుల్లో కొత్త ఫారానికి స్టెన్సిల్ కోసి వందల కాపీలు తీసేవారు. ముందుగా ఒక్క రైతునో, ఒక్క టీచరునో కూర్చోబెట్టి నింపించి చూసిన జ్ఞాపకం నాకు లేదు. తప్పు నింపితే "చదువుకున్నవాళ్లూ ఇంతే" అని వాళ్లనే అనేవారు.

పిల్లలు వచ్చే నెల రెండో శనివారం మళ్లీ వస్తున్నారు. ఈసారి నమూనా నిజం ఫోనులోనే ఉంటుంది. కుటుంబ పెన్షనర్లు, వినికిడి తగ్గినవారు, శుక్లాల ఆపరేషనైనవారు, వేలిముద్ర పడనివారు కావాలి. ఇది తరగతి అభ్యాసం మాత్రమే. మీ అసలు సర్టిఫికెట్ మామూలు పద్ధతిలో ఇచ్చుకోవలసిందే. ఆధార్ నంబరు, ఓటీపీ ఎవరూ అడగరు, ఉత్తుత్తి నంబర్లు వాళ్లే ఇస్తారు. కళ్లజోడు మరవకండి. మనుమల్ని మాత్రం ఇంట్లోనే వదిలి రండి. సెలవు.