మన ఊరి పోలీసు టీము
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ మీతో ఫుట్‌బాల్ గురించి మాట్లాడదామని వచ్చాను. "ఊరగాయల గురించో, పిల్లల జలుబు గురించో చెప్పే ఆవిడ బంతాట మీద పడిందేమిటి?" అని మీరు నవ్వుకుంటే తప్పులేదు. మొన్నమొన్నటి దాకా నాకూ ఆ ఆటంటే ఉతకాల్సిన బట్టలే గుర్తొచ్చేవి.

మా చిన్నవాడు పదో తరగతి. సాయంత్రం బయటికి వెళ్తే మోకాళ్ళ దాకా మట్టితో వస్తాడు. ఆ మరకలు మెషిన్లో వేస్తే పోవు, సబ్బు పెట్టి చేత్తో తోమాల్సిందే. పోనీ అని అన్నాళ్ళు ఊరుకున్నాను. ఈసారి లెక్కల్లో మార్కులు బాగా తగ్గాయి. ఒళ్ళు మండి, "బంతి తంతే కూడు పెడుతుందిట్రా?" అని వాడి బూట్లు తీసి అటకమీద పడేశాను. రెండు రోజులు వాడు అన్నం దగ్గర నోరు విప్పలేదు. నాకు మాత్రం ముద్ద దిగిందంటారా?

మూడోనాడు మా మామగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అమ్మాయ్, బంతి కూడు పెడుతుందా అన్నావు కదా. ఈ ఊళ్ళో పెట్టిందమ్మా. నా కళ్ళతో చూశాను" అన్నారు. ఇప్పుడు మనం లాల్ బహదూర్ స్టేడియం అంటున్నామే, దాన్ని ఆయన చిన్నప్పుడు ఫతే మైదాన్ అనేవారు. అక్కడ పెద్దవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి తలపెట్టి ఆట చూసేవారట. ఆయన చెప్పిన మాటలూ, ఆపైన నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెప్తాను.

ఆ టీము పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. పేరు చూసి వాళ్ళంతా లాఠీలు పట్టుకునే వాళ్ళనుకోకండి. ఆట వచ్చిన కుర్రవాళ్ళను పోలీసు శాఖలో ఉద్యోగంలోకి తీసుకునేవారు. నెల తిరిగేసరికి జీతం, సాయంత్రం మైదానం. పూర్తిగా ఆట మీదే బతికేవాళ్ళూ కారు, సరదాకి ఆడుకునేవాళ్ళూ కారు. జీతం చిన్నదే కావచ్చు, కానీ ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా ఉంటే కుర్రవాడి కాళ్ళకు ఎంత బలం వస్తుందో మనలాంటి ఆడవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు.

నిజాం కాలంలోనే ఆ టీముకు పేరుంది. 1943లో బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్పు ఫైనల్లో బ్రిటిషు వైమానిక దళం వాళ్ళను ఓడించింది. దొరలను వాళ్ళ ఆటలోనే గెలిచారంటే ఆ రోజుల్లో అదెంత మాటో ఊహించుకోండి.

1950లో ఆ టీముకు కోచ్‌గా వచ్చినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు! ఉస్మానియాలో చదువుకుని, ఈ ఊరి బళ్ళలోనే పాఠాలు చెప్పారు. అంతకుముందే, 1943 నుంచీ, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవారు. బళ్ళో పిల్లలకు ఎక్కాలు చెప్పించినట్టే ఆటగాళ్ళ చేత ఆట వల్లె వేయించేవారు. కుడికాలు వాటమున్నవాణ్ణి ఎడమకాలితోనే ఆడమనేవారు. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని షోకులు చేయకుండా, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలన్న నియమంతో పోటీలే పెట్టించారు. ఒక్కడి గొప్ప కాదు, పదకొండుగురి పొత్తు ముఖ్యమని ఆయన పాఠం. ఉమ్మడి కుటుంబాల్లో కాపురం చేసిన మనకు ఆ పాఠం కొత్తదేం కాదు లెండి.

ఫలితం చూడండి. అప్పట్లో బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు మనవాళ్ళే తెచ్చారు. అప్పట్లో ఢిల్లీలో జరుగుతుండిన డ్యూరాండ్ కప్పు 1950లో మోహన్ బగాన్ మీద గెలిచారు. మళ్ళీ 1954లో, 1957లో గెలిచారు. రాష్ట్రం ఏర్పడ్డాక టీము పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో నాలుగోసారి డ్యూరాండ్ కప్పు అందుకున్నారు. కలకత్తా వాళ్ళు ఫుట్‌బాల్ తమ సొత్తని అనుకునేవారు. అలాంటివాళ్ళు హైదరాబాద్ పోలీసుల పేరు వింటే జాగ్రత్తపడేవారట.

ఆ రహీం సాబే దేశం టీముకూ కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ టీములో మన ఊరి కుర్రవాళ్ళు ఎందరో ఉన్నారు. 1962లో జకార్తాలో కొరియా మీద రెండు గోళ్ళకు ఒకటి తేడాతో మళ్ళీ బంగారం. మరుసటి ఏడాది జూన్ 11న ఆయన కాన్సరుతో కన్నుమూశారు. అప్పటికి నిండా యాభై నాలుగేళ్ళు లేవు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఇన్ని కప్పుల్లో నా మనసులో నిలిచింది మాత్రం ఒక్క రూపాయి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. లేమిలో పెరిగిన అరవ కుటుంబం. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత మార్పించుకుని ఆడాడట. ఆట చూసి రహీం సాబ్ శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ ఎలా రావాలి? సైకిలు అద్దెకు తీసుకోమని రోజుకో రూపాయి ఆయనే ఇచ్చారు. ఆ కుర్రవాడు కొన్నాళ్ళు సిటీ పోలీసుకు ఆడాడు, ఒలింపిక్స్‌కు వెళ్ళాడు, జకార్తాలో బంగారు పతకం తెచ్చిన టీములో ఉన్నాడు. 2023లో ఆయన పోయినప్పుడు దేశమంతా తలచుకుంది. ఆ రూపాయి లేకపోతే ఆయన ఎవరికి తెలిసేవాడు?

మరి అంత టీము ఏమైంది? పంతులుగారు పోయారు. పెద్ద డబ్బు కలకత్తాలో ఉంది. 1957లోనే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. 1966లో నయీముద్దీన్, హబీబ్ కూడా అటే వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టలేం, సంసారాలు ఉన్నవాళ్ళు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరవాత మెల్లిగా కప్పులు రావడం తగ్గింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి అని పెద్ద పెట్టుబడితో ఒక క్లబ్బు పెట్టారు. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మావాడికి ఈ పిచ్చి పట్టింది ఆ రాత్రి టీవీ ముందే. ఆ క్లబ్బు కూడా 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. డబ్బుతో టీమును కొనవచ్చునేమో గానీ, వాడవాడలా తిరిగి పిల్లల్ని వెతికి తెచ్చే పంతుల్ని కొనలేం.

ఇంతకీ మీరడిగేది నాకు తెలుసు, అటకమీది బూట్లు ఏమయ్యాయని. నేనే స్టూలు వేసుకుని దింపాను. వాడితో ఒప్పందం చేసుకున్నాను: పొద్దున గంటసేపు లెక్కలు, సాయంత్రం గంటసేపు బంతి. బట్టలు మాత్రం వాడే ఉతుక్కోవాలి. మార్కులు ఇంకా పెరగలేదు, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ పొద్దున లేపకుండానే లేస్తున్నాడు.

మీ పిల్లలంతా బలరాములవుతారని నేను చెప్పను. పదోతరగతి తప్పితే అన్నం పెట్టే టీములు ఈనాడు తక్కువ. అందుకని చదువు వదలమని అనను. అలాగని బూట్లు అటకెక్కించే ముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. మగపిల్లలనే కాదు సుమండీ, నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. మీ కాలనీలో ఖాళీ స్థలం ఒకటి మిగిలి ఉంటే, దాన్ని కార్లు పెట్టుకోవడానికి ఇవ్వకుండా పిల్లలకు ఉంచమని నలుగురూ కలిసి అడగండి. పక్కింటి పిల్లవాడికి ఆట ఉండి బూట్లు లేకపోతే, మీకు చేతనైన ఆ ఒక్క రూపాయి మీరు ఇవ్వండి.

సెలవు.