కుదురు మీద కొబ్బరి బుర్ర

మీ ఇంట్లో కొబ్బరికాయ ఉంటే ఒకసారి నేలమీద పెట్టి చూడండి. నిలవదు, దొర్లిపోతుంది. పాత గుడ్డను చుట్టి కుదురు చేసి దాని మీద పెట్టండి. బుద్ధిగా కూర్చుంటుంది. హుక్కాల, పొగాకు పైపుల పనితనాన్ని చూసి ఆనందించడానికి ఇదే మొదటి పాఠం.

నేనుండేది బోరబండలో. మా స్టేషన్ మీదుగా పోయే పట్టాలు లింగంపల్లి దాటి వికారాబాద్ చేరాక, అక్కడ చీలిన ఒక దారి బీదర్‌కు వెళుతుంది. 1956 దాకా బీదర్ మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. నల్లటి లోహం మీద వెండి పూలు పూయించే బిద్రీ పనికి పుట్టినిల్లు ఆ ఊరు. ఆ పనివారు చేసిన అందమైన వస్తువుల్లో హుక్కా అడుగున ఉండే నీళ్ళ పాత్ర ఒకటి.

పొగాకు మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. 1604 ప్రాంతంలో అక్బరు పంపిన అసద్ బేగ్ దాన్ని బీజాపూరు నుంచి మొగలు దర్బారుకు పట్టుకెళ్ళాడు. పొగను నీళ్ళలోంచి లాగే హుక్కా వచ్చాక, సామాన్యుడికి సులువుగా దొరికిన పాత్ర కొబ్బరి బుర్ర. ఒక కన్నంలో పొగాకు వేసే చిలుమును మోసే గొట్టం, ఇంకో కన్నంలో పొగ పీల్చే గొట్టం. అంతే, గుడగుడ మొదలు. తుర్కీలో హుక్కాను ఇప్పటికీ నార్గిలే అంటారు. మన నారికేళమే పారశీకం మీదుగా ప్రయాణించి అక్కడ ఆ పేరై కూర్చుంది.

తర్వాత సంపన్నుల ఇళ్ళలోకి లోహపు పాత్రలొచ్చాయి. కానీ పదిహేడో శతాబ్దపు బిద్రీ పాత్రలు ఎలా ఉంటాయో తెలుసా? బంతిలా గుండ్రంగా ఉంటాయి, వాటిని నిలపడానికి కింద విడిగా ఒక కుదురు ఉంటుంది. పోతపోసే చేతికి ఏ ఆకారమైనా లొంగుతుంది. అయినా ఆ చెయ్యి కొబ్బరికాయను మరవలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో అడుగు వెడల్పైన గంట ఆకారం వచ్చాక కుదురుతో పని తీరింది.

ఇక ఆ నలుపు సంగతి. బిద్రీ లోహంలో జింకు ఎక్కువ, రాగి కొద్దిగా. మట్టి అచ్చులో పోతపోసి, ఆకురాయితో నునుపు చేస్తారు. మైలుతుత్తం నీళ్ళు పూసి పైపైన నల్లబరిచి, ఉలితో తీగలూ పూలూ చెక్కుతారు. ఆ గాళ్ళలో వెండిని పెట్టి సుత్తితో కూరుతారు. చివరికి బీదర్ కోటలో ఎండా వానా తగలని చోటి మట్టిని నవాసారంతో కలిపి, ఆ నీళ్ళలో పాత్రను ముంచుతారు. పనివారు ఆ మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి ఎంచుకుంటారు. లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి వెన్నెలలా తెల్లగానే మిగులుతుంది. ఆ పాత్రకు రంగునిచ్చింది ఆ నేలే.

ప్రపంచమంతటా పైపులు చేసేవారు ఇలాగే ప్రకృతి ముందు చెయ్యి చాచారు. మధ్యధరా తీరాల్లో బ్రయర్ అనే పొద ఉంది. దాని వేరు మొదలు దగ్గర ఊరే గడ్డ అంత తేలిగ్గా కాలదు. దాన్ని గంటల తరబడి ఉడికించి, నెలల తరబడి ఆరబెట్టి పైపులు చెక్కుతారు. తుర్కీలోని ఎస్కిషెహిర్ దగ్గర భూమిలోంచి తీసే మీర్‌షామ్ తెల్లని తేలికైన ఖనిజం. వాడేకొద్దీ అది తేనె రంగుకు తిరుగుతుంది. అమెరికాలోని మిస్సోరీలో 1869 నుంచి మొక్కజొన్న బెండుతో పైపులు తయారవుతున్నాయి. దక్షిణాఫ్రికాలో సొరకాయ పాదు మీద ఉండగానే మెడ వంపు తిరిగేలా పెంచి, ఎండబెట్టి పైపు చేస్తారు. మన గీతకార్మికులు కల్లు నింపుకున్న సొరకాయ బుర్రకు అది దూరపు చుట్టం. మన గోదావరి లంకల చుట్టకైతే వేరే గొట్టమే అక్కర్లేదు, ఆకే అన్నీ.

ఇలాంటి వస్తువు ఎదురైనప్పుడు ధర అడిగే ముందు, ఇది పూర్వం ఏమిటని అడగండి. కాయా, వేరా, రాయా? ప్రకృతి పని ఎక్కడ ఆగింది, మనిషి పని ఎక్కడ మొదలైంది? మంచి పనివాడు వేరులోని చారలను చెరపడు, వాటి వెంట నడుస్తాడు. మా బోరబండ పేరులోనే బండ ఉంది. మా పక్క హైటెక్ సిటీలో అద్దాల మేడల కోసం ఎన్నో రాళ్ళగుట్టలు నేలమట్టమయ్యాయి. మిగిలిన గుండ్రటి బండ కనబడితే నేను ఆగి చూస్తాను. ఉన్న ఆకారాన్ని గౌరవించడం ఎంత విలువైనదో ఈ పైపులే నాకు నేర్పాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పొగాకు ప్రాణాలు తీస్తుంది. తెలంగాణ శాసనసభ 2024లో హుక్కా కేంద్రాలను నిషేధించింది, మంచి పని చేసింది. ఈ కళను ప్రేమించడానికి నిప్పు అక్కర్లేదు. సేకరించాలనుకునేవారు ఏనుగు దంతం జోలికి వెళ్ళకండి. కొబ్బరి, మట్టి, వేరు, సొర చాలు, జీవితమంతా చూసినా తరగవు.

ఈ ఆదివారం పిల్లలను తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళండి. 1951లో తెరిచిన ఆ మ్యూజియంలో బిద్రీ పాత్రలున్నాయి. హుక్కా పాత్ర ముందు ఆగి, దాని అడుగు చూడండి. గుండ్రంగా ఉండి కింద కుదురు కనిపిస్తే, ఇంట్లో కొబ్బరికాయ దొర్లిన సంగతి పిల్లలకు గుర్తుచేయండి. ఆ నల్లని లోహంలో కొబ్బరి బుర్రను వాళ్ళే కనిపెడతారు.