తట్టి చూడండి

ఇవాళ పట్టాలు అందుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, రాత్రి షిఫ్టు చేసి నిద్ర మానుకుని వచ్చి కూర్చున్న బాపులకు, తెల్లవారకముందే వంట ముగించుకుని వచ్చిన అమ్మలకు నమస్కారం.

నేను కాసిపేట బిడ్డను. మా బాపు ఇక్కడి బొగ్గుబాయిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఈ కాలేజీ మెట్ల మీదే నేనూ పట్టా పట్టుకుని ఫొటో దిగాను. అందుకే అతిథిగా పిలిచారని కాకుండా ఇంటికి వచ్చినట్టుగానే మాట్లాడతాను.

వానాకాలంలో మా సింగరేణి క్వార్టర్ గోడలు చెమ్మగిల్లేవి. మా బాపు ఒక అరచేయి గోడకు ఆనించి, రెండో చేతి వేళ్ల కణుపులతో మెల్లగా తట్టుకుంటూ పోయేవాడు. ఒకచోట ఖంగున గట్టిగా పలికేది. ఇంకోచోట డొల్లగా, బోలు కుండను తట్టినట్టు వినిపించేది. ఆ చోట సుద్దముక్కతో గీత గీసి, "ఈడ ఊడుతది, కింద పండుకోకుండ్రి" అనేవాడు. రెండు మూడు రోజులకు సరిగ్గా అక్కడే పెచ్చు ఊడి పడేది. చిన్నప్పుడు నాకది ఇంద్రజాలంలా ఉండేది. అది బాయి నేర్పిన విద్య అని తర్వాత తెలిసింది. లోపల బ్లాస్టింగ్ అయ్యాక ఎవరూ వెంటనే బొగ్గు దగ్గరకు పోరు. ముందు సబ్బలితో పైకప్పును తట్టి చూస్తారు. డొల్లగా పలికిన పెళ్లను లాగి కింద పడేస్తారు, పైకప్పుకు ఆసరాగా దుంగలు నిలబెడతారు. ఆ తర్వాతే అడుగు ముందుకు పడుతుంది. నన్ను విమానం ఎక్కించేటప్పుడు కూడా బాపు ఆ మాటే చెప్పాడు. "పైన తట్టి సూడకుండ అడుగు ముందటికి పెట్టద్దు బిడ్డా."

ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గరున్నదీ ఆ ఒక్క మాటే.

మీలో కొందరి చేతికి ఇప్పటికే అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశ పత్రం ఐ-20 వచ్చి ఉంటుంది. కొందరు జర్మనీ గురించి, బ్రిటన్ గురించి ఆలోచిస్తున్నారు. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాదే మనం చైనాను దాటాం. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 3,63,019కి చేరింది. అందులో మన తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ విమానాశ్రయంలో ఆగస్టు నెలలో ఒక రాత్రి నిలబడి చూస్తే తెలుస్తుంది.

వలస మనకు కొత్త కాదు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచీ ఈ బెల్టు వలస వచ్చినవాళ్ల చేతుల మీదే నిలబడింది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని... ఏ బస్తీలో అడిగినా తాత ఊరు వేరే ఉంటుంది. రేకుపెట్టె పట్టుకుని, తెలిసినవాళ్ల గుడిసెలో ఒక మూల పడుకుని, పని వెతుక్కున్న మనుషుల మనుమలు, మనుమరాళ్లం మనం. మీరు ఇప్పుడు పోయే దూరం ఎక్కువ, అంతే.

నేను 2015 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి ఎమ్మెస్ చదవడానికి పోయాను. బాపు ఒక ప్లాటు అమ్మాడు, మిగతాది బ్యాంకు రుణం. క్యాంపస్‌లో చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. లైబ్రరీలో పుస్తకాలు సర్దాను, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగాను. ఆ పనులు నాకు కష్టమనిపించలేదు. కష్టం 2017 మేలో, పట్టా చేతికి వచ్చే వేళ మొదలైంది.

అక్కడ చదువు పూర్తయ్యాక ఓపీటీ పేరిట ఏడాదిపాటు పని చేసుకునే అనుమతి ఇస్తారు. ఇంజినీరింగ్, సైన్స్ చదివినవాళ్లకు మరో 24 నెలలు పొడిగిస్తారు. దరఖాస్తును చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆలస్యం చేస్తే ఆ అనుమతి కార్డు రావడమూ ఆలస్యమే. అయితే ఆ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా ఉండే రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. దాటితే వీసా హోదా పోయినట్టే. ఆ లెక్క మీరు నిద్రపోతున్నా నడుస్తుంది, శని ఆదివారాలు కూడా అందులోవే.

మేము నలుగురం అమ్మాయిలం ఒక గదిలో ఉండేవాళ్లం. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించుకుని, రోజుకో గీత గీసేవాళ్లం. నా గీతలు 43కి చేరాయి. అప్పటికి 214 దరఖాస్తులు పెట్టాను. తొమ్మిది ఫోన్లు వచ్చాయి, మూడు ఇంటర్వ్యూలు జరిగాయి, మూడూ పోయాయి. ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ "అంతా మంచిగనే ఉంది బాపూ" అన్నాను. ఆ 43వ రోజు రాత్రి మాత్రం గొంతు పట్టుకుపోయింది. చెప్పేశాను.

బాపు కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మకు కూడా ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఆయన 1980లలో సుల్తానాబాద్ దగ్గరి ఊరి నుంచి బొగ్గు నింపే బదిలీ ఫిల్లరుగా వచ్చాడు. బదిలీ వాళ్లకు రోజూ పని ఉండదు. ఎవరైనా నాగా పెడితేనే పిలుపు, అప్పుడే మస్టర్, అంటే హాజరు. ఏడాదిలో భూగర్భంలో 190 మస్టర్లు నిండితేనే పర్మనెంట్ మాట. మస్టర్ పడని రోజు ఇంటికి పోవడానికి సిగ్గై, టిఫిన్ డబ్బా పట్టుకుని సాయంత్రం దాకా బాయి దగ్గరే ఉండేవాడట. "ఊకె నిలవడలే బిడ్డా. పని చేసేటోళ్లకు చేతి సాయం చేసిన. మస్టర్ గుమాస్తాకు నా మొఖం యాదికుండేటట్టు చేసుకున్న. కనపడేటోణ్నే పిలుస్తరు. ఇంట్ల కూసుంటే మస్టర్ పడదు" అన్నాడు.

నిండిన రోజులను ఆయన లెక్కపెట్టుకున్నాడు, ఖాళీ రోజులను నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఇద్దరం ఇంట్లో చెప్పకుండా దాచాం. ఖాళీ రోజు తప్పు కాదు, అవమానమూ కాదు. దాన్ని ఒంటరిగా మోయడమే మనిషిని విరిచేస్తుంది. ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే.

మర్నాడు పొద్దున పోయి మా ప్రొఫెసర్ గది తలుపు తట్టాను. జీతం లేకున్నా మీ ల్యాబులో పని చేస్తానన్నాను. చదివిన చదువుకు సంబంధించిన పని వారానికి 20 గంటలకు తగ్గకుండా చేస్తే, మొదటి ఏడాది ఓపీటీలో జీతం లేని పనిని కూడా లెక్కలోకి తీసుకుంటారని అప్పుడే తెలుసుకున్నాను. నా గీతలు 43 దగ్గర ఆగాయి. అదే ల్యాబుకు వచ్చిపోయే ఒక పూర్వ విద్యార్థి నా పని చూసి తన కంపెనీలో మాట్లాడాడు. సెప్టెంబరులో కొలంబస్‌లోని ఒక బీమా సంస్థలో డేటాబేస్ విభాగంలో చేరాను. 214 దరఖాస్తులతో రానిది ఒక తలుపు తట్టితే వచ్చింది.

అయితే ఆ మధ్యలో ఇంకో తలుపు తెరుచుకుంది. ఒక కన్సల్టెన్సీ నుంచి మన తెలుగులోనే, ఎంతో ప్రేమగా ఫోన్ చేశారు. రెజ్యూమెలో ఐదేళ్ల అనుభవం మేమే రాస్తాం, ఇంటర్వ్యూలో నీ బదులు ఇంకొకరు మాట్లాడతారు, నువ్వు సంతకం పెడితే చాలన్నారు. తట్టి చూశాను. ఆఫీసు ఎక్కడుంది? జీతం ఏ రోజు నుంచి? నా అనుభవం గురించి ఎవరైనా అడిగితే జవాబు ఎవరు చెప్తారు? ప్రతి ప్రశ్నకూ డొల్ల చప్పుడే వచ్చింది. వద్దన్నాను. అప్పుడు నా దగ్గర తిరిగి పోవడానికి విమానం టికెట్ డబ్బులు కూడా లేవు. భయపడుతూనే వద్దన్నాను.

తట్టి చూడకుండా అడుగు వేస్తే ఏమవుతుందో మన పిల్లలు కనీసం రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అక్కడి అధికారులు మూసేశారు. అందులో చేరిన సుమారు 1,500 మందిలో ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. దాన్ని మోసపూరితంగా నడిపిన యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా శిక్ష పడింది. కానీ పిల్లలు పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రాలేదు. రెండోది, 2019 జనవరిలో బయటపడిన మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం. దానికి పాఠాలు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వలగా నడిపిన సంస్థ అది. మొదట అరెస్టయిన 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. అలా వల పన్నడం న్యాయమా అని నేను ఇప్పటికీ అడుగుతాను. కానీ తరగతి గది లేని చోట ఫీజు కట్టడమంటే డొల్ల పైకప్పు కింద నిలబడటమేనని కూడా చెప్తాను.

హెచ్-1బి ఉద్యోగ వీసా సంగతీ అంతే. ఏడాదికి 65 వేల వీసాలు, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2023 మార్చిలో ఆ 85 వేల కోసం 7,80,884 రిజిస్ట్రేషన్లు పడ్డాయి. సగానికి పైగా, ఒకే మనిషి పేరిట ఒకటికంటే ఎక్కువ కంపెనీలు వేసినవే. మరుసటి ఏడాది నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒక్కటే లెక్క అని నిబంధన మార్చారు. అడ్డదారి మూసుకుపోయింది. ఆ ఏడాది నిజాయితీగా ఒక్కటే వేసుకున్నవాళ్ల అవకాశం మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. 2025 సెప్టెంబరులో, దేశం బయటి నుంచి కొత్తగా హెచ్-1బి మీద వచ్చే ఉద్యోగి కోసం కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. రూల్స్ ఇట్లా రాత్రికి రాత్రి మారుతుంటాయి. అందుకే పోకముందే అన్నీ తట్టి చూడండి. జర్మనీలో చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. బ్రిటన్‌లో రెండేళ్లుగా ఉన్న గడువు 2027 నుంచి డిగ్రీ, పీజీ వాళ్లకు 18 నెలలకు తగ్గుతోంది. మన తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధి ఇస్తోంది, మైనారిటీలకూ అలాంటి పథకం ఉంది. అర్హులకు 20 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. వడ్డీకి అప్పు తెచ్చేముందు ఆ తలుపు తట్టండి.

ఇక్కడే ఉండేవాళ్లకూ ఇదే మాట. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. బాపు ఉద్యోగం మనకు వస్తుందిలే అని కూర్చునే కాలం కాదు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారి ఒహాయోలో ఎట్లా ఉంటాడో మంచిర్యాలలోనూ అట్లాగే ఉంటాడు.

ఇంకొక్క మాట. షిఫ్టు దిగినవాళ్లంతా క్యాప్‌ల్యాంపులు తెచ్చి ల్యాంప్‌రూమ్‌లో అప్పజెప్తారు. ఒక ల్యాంపు తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. అతను ఎవరో, ఎక్కడున్నాడో తేలేదాకా ఊరుకోరు. మీరు ఏ దేశంలో ఉన్నా ఒకరికొకరు ఆ ల్యాంప్‌రూమ్‌లా ఉండండి. ఫోన్ ఎత్తడం మానేసిన మిత్రుడి గదికి నేరుగా వెళ్లి తలుపు కొట్టండి. మనసు బరువెక్కితే విశ్వవిద్యాలయంలో కౌన్సిలర్లు ఉంటారు, ఇక్కడ టెలి మానస్ 14416 ఉంది. మాట్లాడటంలో చిన్నతనం లేదు.

అమ్మలారా, బాపులారా, మీకూ నాదొక విన్నపం. ఫోన్‌లో "కొలువు వచ్చిందా" అని అడిగేముందు ఒకసారి మీ ఖాళీ రోజుల సంగతి పిల్లలకు చెప్పండి. మీరు పడి లేచారని తెలిస్తే, పడటం వాళ్లకు అంత భయంగా ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ పైకప్పు కిందికి పోయినా తట్టి చూడండి. ఏ మంచి తలుపునైనా తట్టడానికి సిగ్గుపడకండి. ఇవాళ ఇంటికి పోయాక ముందు ఈ పట్టాను మీ బాపు చేతిలో పెట్టండి. ఆయన పక్కన కూర్చుని, మొదటి మస్టర్ ఎట్లా పడిందో అడగండి. ఆయన చెప్పేదంతా వినండి.