మామిడి సొమ్ము – పండ్రెండు నెలల సంసారము

(జి. కొండూరులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆదాయ వ్యయములను ఏటేటా అంచనా కట్టుట మీకు క్రొత్త గాదు. ఇంటిపన్ను ఎంత వసూలగును, వీధిదీపములకెంత, మంచినీటికెంత, పారిశుద్ధ్యమునకెంత అని పద్దులవారీగా వ్రాసి, చర్చించి, ఆమోదింతురు. పద్దు లేని ఖర్చు కనబడినచో మీలో ఒకరైనను లేచి ప్రశ్నింపక మానరు. అట్లు ప్రశ్నించిన సభ్యుడే, క్రిందటి నెల తన యింటి కిరాణా బాకీ ఎంతో చెప్పలేకపోవుట మేము పలుచోట్ల చూచుచున్నాము. ఊరి లెక్క తెలిసినవారికి ఇంటి లెక్క కష్టము గాదు. అందుచేతనే ఈ విషయమును ముందుగా మీ యెదుట పెట్టుచున్నాము.

నెల జీతము పుచ్చుకొనువానికి నెలకొకసారి సొమ్ము వచ్చును. మీ ప్రాంతపు రైతునకు అట్లు గాదు. జి. కొండూరు, మైలవరము, నూజివీడు – ఇది మామిడి సీమ. 2022 లో జిల్లాలను పునర్విభజించినపుడు మీ మండలము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది. మామిడి చెట్టునకు మాత్రము ఆ సంగతి తెలియదు. బంగినపల్లి యైనను, కలెక్టరు కాయ యైనను, రసములైనను వేసవిలోనే అమ్ముడు కావలెను. నున్న మార్కెట్టునకు కాయల బండ్లు వరుసకట్టెడి ఆ రెండు మూడు నెలలలోనే తోట ఫలసాయ మంతయు రైతు చేతికి వచ్చును. ఖర్చులో, పండ్రెండు నెలలును వచ్చుచుండును. జూనులో బడి తెరతురు. శ్రావణములో పెండ్లిండ్లు. పిమ్మట దసరా, దీపావళి, సంక్రాంతి. కార్తికము దాటునప్పటికి చాల ఇండ్లలో వేసవి సొమ్ము నిండుకొనును.

చిక్కు అచ్చటనే మొదలగుచున్నది. చేతిలో కాసు లేని రైతు, చెట్టు పూతకు రాకముందే తోటను గుత్తకిచ్చి బయానా పుచ్చుకొనును. లేదా కమీషను వ్యాపారి యొద్ద అడ్వాన్సు తీసికొని, కాయ అతని దుకాణమునకే తోలుదునని మాట యిచ్చును. పూత నిలుచునో, మంచునకు మాడునో, తేనెమంచు పురుగు తినునో తెలియని దినములలో కుదిరిన ధర తక్కువగానే యుండుట సహజము. ఆ అపాయమును మోయునది వ్యాపారి గదా! మేము వ్యాపారిని తప్పుపట్టుట లేదు. పిందె నిలిచి కాయ గోలీ యంత యగువరకు ఆగగల రైతు, నలుగురు వ్యాపారులను పిలిచి బేరము చేయగలడు. ఆగలేనివాడు చేయలేడు. ఈ రెండింటికిని నడుమ నున్న భేదము కొన్ని నెలల ఇంటి ఖర్చు మాత్రమే. ఇంటిలో మిగిల్చిన రూపాయి తోటలో బేరమాడునని మా మాటకు అర్థము.

ఒక లెక్క వేసి చూతము. వేసవిలో ఒక కుటుంబమునకు రు. 2,40,000 వచ్చిన దనుకొనుడు. దీనిని పండ్రెండింట భాగించి నెలకు ఇరువది వేలు తినవచ్చు ననుకొనుట పొరపాటు. దున్నకము, ఎరువు, పూతదశలో పిచికారి మందులు – వీనికై రు. 60,000 మొదటనే వేరు చేయవలెను. అది ఇంటి సొమ్ము గాదు, తోట సొమ్ము. మిగిలినది రు. 1,80,000. మామిడి ఒక యేడు విరగకాసి మరుసటి యేడు మొండికెత్తుట మీరెరిగినదే. కావున దీనిని పండ్రెండుతో గాక పదునైదుతో భాగింపుడు. నెలకు రు. 12,000. ఈ లెక్కన ఖర్చు చేసినచో, మరల కాపు వచ్చునప్పటికి రు. 36,000 నిలువ యుండును. కాపు తప్పిన సంవత్సరమున ఆ కుటుంబమును ఆదుకొనునది ఆ నిలువయే.

అది లేనివారి సంగతియు చూతము. అక్టోబరులో ముప్పది వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, కాయ అమ్మి ఎనిమిది నెలలకు తీర్చిన, వడ్డీ రు. 4,800 అగును. రెండు రూపాయల వడ్డీ యన్న చిన్నదిగా వినబడును. సంవత్సరమునకు అది నూటికి ఇరువది నాలుగు.

నిత్యపు ఖర్చులలో మిగులు ఎచ్చట దొరకును? హోటలులో రోజునకు రెండు టీలు, పది రూపాయల చొప్పున, ఏడాదికి రు. 7,300. టీ మానుమని మేము చెప్పము, పద్దులో వ్రాయుమందుము. వ్రాసిన తరువాత ఒకటి తగ్గునేమో చూడుడు. పాత పంకా సుమారు 75 వాట్ల కరెంటు తినును, క్రొత్త రకము బి.ఎల్.డి.సి. పంకా సుమారు 30 వాట్లు. రోజుకు పండ్రెండు గంటలు తిరిగిన, ఏడాదికి రమారమి 197 యూనిట్లు మిగులును. వాడకము పెరిగిన కొలది యూనిట్టు ధరయు పెరుగును గావున, తగ్గెడివి ఖరీదైన యూనిట్లే. క్రొత్త చింతపండు, ఎండుమిరప, కంది వేసవి ముందర చవుకగా వచ్చును. అప్పటికి మామిడి సొమ్ము రాదు. నిలువ ఉన్న యిల్లాలే ఏడాదికి సరిపడ కొనగలదు, లేనివారు పావుకిలో చొప్పున ఏడాది పొడవున కొనుచుందురు. గాలికి రాలిన కాయలను పారవేయక ఒరుగులు చేసికొనుట మీ యిండ్లలోని పెద్దవారికి తెలిసిన విద్యయే. వానకాలపు పప్పులోనికి అవి చాలును.

లెక్క వ్రాయుట ఒక్క మగవారి పని యని యెంచరాదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువుకొన్న స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. సారాకు పోవు సొమ్ము ఇంటిలో మిగులగానే, ఆ జిల్లా స్త్రీలు రోజున కొక రూపాయి చొప్పున కూడబెట్టి ‘పొదుపులక్ష్మి’ సంఘములు కట్టిరి. నేడు మీ గ్రామములలోని స్త్రీల పొదుపు సంఘములకు ఆ రూపాయియే తోబుట్టువు. సంఘపు పుస్తకమును చక్కగా వ్రాయు ఇల్లాలికి ఇంటి పుస్తకమును గూడ అప్పగింపుడు. తోటకు వచ్చిన బయానా ఎంతో, చేసిన అప్పు ఎంతో ఆమెకు తెలియకుండ ఏ బడ్జెటును నిలువదు.

మిగిలిన సొమ్ము దాచు చోటును గూర్చి రెండు మాటలు. తపాలా కార్యాలయపు పొదుపు బ్యాంకు 1882 నుండి ఈ దేశమున నడచుచున్నది. బ్యాంకులలోని డిపాజిట్టునకు, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయల వరకు 2020 ఫిబ్రవరి నుండి బీమా కలదు. చీటీ వేయువారు, అది 1982 నాటి చీటీల చట్టము క్రింద రిజిష్టరైనదో లేదో ముందుగా విచారింపవలెను. 2019 సవరణ ప్రకారము నిర్వాహకుని కమీషను నూటికి ఏడుకు మించరాదు. బ్యాంకుకంటె రెండు మూడు రెట్లు వడ్డీ యిత్తుమని గ్రామములో తిరుగు ఏజెంటు మీ యెరుకలోనివాడే కావచ్చును, మంచివాడే కావచ్చును. సొమ్ము పోవునపుడు అతని సొమ్మును పోవును, మీదియు పోవును.

వచ్చే సమావేశమునకు వచ్చునపుడు ప్రతి సభ్యుడును ఒక నెల ఇంటి పద్దు వ్రాసి తెండు. పేరు వేయనక్కరలేదు. కిరాణా, కరెంటు, టీ, సెల్‌ఫోను, వడ్డీ – ఈ అయిదు పద్దులు చాలును. కాగితము లన్నియు ఒకచోట పరచి, వడ్డీ పద్దు క్రింద ఎంత తేలినదో ముందుగా కూడుదము.