వెలుగు తెరచాప, మూసిన పెట్టె

నిశ్చలమైన చెరువు నడుమ, తెడ్డును గెడయు లేని పడవలో మనము చిక్కుకొన్నామనుకొందము. పడవలో కొన్ని రాళ్లు కలవు. ఒక్కొక్క రాతిని బలముగా వెనుకకు విసరినచో పడవ కొంచెము కొంచెముగా ముందుకు సాగును. రాళ్లు తీరిన తోడనే ఆ ఉపాయమును తీరును. రాకెట్టు చేయు పని ఇంతకంటె వేరు కాదు. అది మండిన వాయువులను వెనుకకు వెడలగ్రక్కి తాను ముందుకు పోవును. దాని బరువులో అధికభాగము ఇట్లు పారవేయుటకై మోయు సరకే. పోవలసిన వేగము పెరిగిన కొలది సరకు పెరుగవలెను. ఆ సరకును మోయుటకు మరికొంత సరకు కావలెను.

రాళ్లు లేకుండ పడవను నడుపుటకు రెండు మార్గములు తోచును. ఒకటి తెరచాప. రెండవది, పడవలోనే కూర్చుండి దాని ముందు గోడను లోపలి నుండి నెట్టుట. ఈ రెండవది వినగానే మన ఇంటి పిల్లలు సైతము నవ్వుదురు. అయినను అట్టిదే యొకటి పెద్దలను చాలకాలము ఊరించినది. దానిని తరువాత చెప్పుదుము.

ఆకాశాంతరమున గాలి లేదు. అచ్చటి గాలి సూర్యుని వెలుగే. తోకచుక్కల తోకలు సూర్యునికి ఎదురుదిక్కున సాగుట చూచి, ఆ కిరణములే వానిని త్రోయుచున్నవని 17వ శతాబ్దిలో కెప్లరు ఊహించెను. వెలుగు తాను పడిన వస్తువును నెట్టునని మాక్సువెల్ 1873లో గణితముచే చూపెను. మాస్కోలో లెబెదెవ్ గాలి తీసివేసిన గాజుపాత్రలో పలుచని రేకులను వ్రేలాడదీసి, 1900 ప్రాంతమున ఆ త్రోపుడును కొలిచెను. అది ఎంత? భూమికి సమీపమున, సూర్యున కెదురుగా ఒక చదరపు మీటరు అద్దము నిలిపినచో, దానిపై పడునది ఒక మిల్లీగ్రాము బరువునకు లోపు. బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములు తూగుననుకొన్నచో, అందులో ఇరువదవ వంతు!

దీనితో నౌక నడచునా? నడచినది. 2010 మే 21న జపానువారు 'ఇకారోస్' అను నౌకను పంపిరి. దాని చాప ప్రక్కకు 14 మీటర్ల చదరము. మందము మిల్లీమీటరులో వేయింట ఏడున్నర వంతులు. నౌకను బొంగరమువలె త్రిప్పి చాపను విప్పిరి. చాప అంతటికి లభించిన త్రోపుడు ఆరు బియ్యపు గింజల బరువు. నౌక బరువో, 300 కిలోగ్రాములకు పైమాట. దినమునకు దాని వేగము సెకనుకు సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే మారును. కాని అచ్చట ప్రొద్దు క్రుంకదు, రాళ్లు తీరవు. ఆ యేడు డిసెంబరు 8న ఇకారోస్ శుక్రగ్రహము ప్రక్కగా దాటిపోయెను.

మాకు మిక్కిలి నచ్చినది దాని చుక్కాని. చాప అంచులలో ద్రవస్ఫటికపు పలకలుండెను. చేతి గడియారములలో అంకెలు చూపు పదార్థము వంటిదే. విద్యుత్తుతో ఒకవైపు తళుకు హెచ్చించి, వేరొకవైపు తగ్గించి, వెలుగుతోనే చాపను త్రిప్పిరి. చాపను తగినట్లు ఓరగా నిలిపినచో నౌక కక్ష్యావేగము తగ్గి, సూర్యుని వైపునకే జారును కూడ. ఎదురుగాలిలో తెరచాప నడుపు సరంగులకు ఇది వింత కాదు.

ఇక మూసిన పెట్టె. ఆంగ్లేయ ఇంజనీరు రోజర్ షాయర్ 2001 ప్రాంతమున ఒక యంత్రమును ప్రతిపాదించెను. శంఖాకారపు రాగి పాత్రను మూసి, లోపల సూక్ష్మతరంగములను నింపినచో, వెడల్పు కొనపై ఒత్తిడి హెచ్చి పాత్ర కదలునని ఆయన వాదము. ఏటవాలు గోడలపై ఒత్తిడిని గూడ లెక్కించినచో మొత్తము సున్నయే. అయినను 2016లో హ్యూస్టనులోని నాసా పరిశోధకులు కిలోవాటుకు ఆరు బియ్యపు గింజల పాటి త్రోపుడు కనబడినదని ప్రకటించిరి. అదే కిలోవాటును వెలుగుగా వెనుకకు వెడలించినచో అందులో మూడువందలవ వంతైనను రాదు. ఆ వార్త చదివి మేమును కొంత ఆశపడితిమి, దాచనేల?

జర్మనీలోని డ్రెస్డెన్ విశ్వవిద్యాలయమున టాజ్‌మార్ బృందము దానిని తిరిగి పరీక్షించెను. పాత్రలోనికి పోవు తరంగముల శక్తిని పదివేలవ వంతునకు తగ్గించినను త్రాసు మునుపటి వలెనే కదలెను! అనగా దానిని కదల్చినది తరంగములు కావు. 2021లో మరియొక గుట్టు బయటపడెను. విద్యుత్తు పారినపుడు పాత్ర వేడెక్కును; దానిని పట్టియున్న భాగములు రవంత వ్యాకోచించును; త్రాసు ముల్లు క్రొత్త సున్నకు జరుగును. పాత్రను వేరొక రీతిని వ్రేలాడదీయగా త్రోపుడు మాయమయ్యెను. బియ్యపు గింజలలో లెక్కించుచోట వేడి గూడ ఒక చేయి వేయును.

ఆ పాత్రకు ఒకవైపు మూత తీసినచో మాత్రము అది నిజముగానే కదలును. తరంగములు వెలికి పోవును గనుక. 100 కిలోవాట్ల రేడియో ప్రసారశక్తి నంతయు ఒకే దిక్కునకు మళ్లించినను, ఆ ప్రసారస్తంభముపై పడు వెనుకత్రోపు రెండు బియ్యపు గింజల బరువునకు మించదు.