ఊరి చెరువు మీద నాలుగు కాలాల పక్షులు



ఈనాటి ప్రసంగంలో మన చుట్టూ కనిపించే పక్షుల గురించి మాట్లాడుకుందాం. ఏ కాలంలో ఏ పక్షి వస్తుంది, చూసినవారు ఏమి రాసిపెట్టుకోవాలి, అలా రాసిపెట్టుకున్న దానివల్ల ఎవరికి ఉపయోగం అన్నవి ఇందులో ముఖ్యమైన అంశాలు. ఉదాహరణకు ఒక చోటును తీసుకుంటున్నాను. అది ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు పడమటి వైపున ఉన్న టాటీబంధ్.

పక్షులను చూడాలంటే అడవికే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. టాటీబంధ్ అడవి కాదు. ముంబయి నుంచి కోల్‌కతాకు వెళ్లే జాతీయ రహదారి మీద రాత్రీ పగలూ లారీలు తిరిగే కూడలి అది. రాయపూర్ ఎయిమ్స్ ఆసుపత్రి అక్కడే ఉంది. అయితే అక్కడి నుంచి కొద్ది దూరం పడమటికి వెళితే ఖారూన్ నది వస్తుంది. ఆ నది శివనాథ్‌లోనూ, శివనాథ్ మహానదిలోనూ కలుస్తాయి. చుట్టూ వరి పొలాలు, పాత చెరువులు ఉన్న ప్రాంతమిది. తేలీబాంధా, టాటీబంధ్ వంటి ఊరి పేర్లలోని 'బంధ్' అనే మాట కూడా చెరువునూ, చెరువు కట్టనూ గుర్తుకు తెస్తుంది. చెరువు ఉన్నచోట పక్షి ఉంటుంది.

ఈ ప్రాంతం తెలుగువారికి కొత్త కాదు. రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు మార్గం 1931లో పూర్తయింది. రైల్వే ఉద్యోగాలకూ, ఉక్కు కర్మాగారం పనులకూ, వ్యాపారానికీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు రాయపూర్, భిలాయి ప్రాంతాలలో ఎన్నో ఉన్నాయి. మనుషులు వచ్చినట్లే పక్షులూ వస్తూ పోతూ ఉంటాయి. వాటిలో ఒకటి తెలుగు పేరుతోనే ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది. దానితో మొదలుపెడదాం.

వానకు ముందు: పొన్నంగి పిట్ట

పక్షిశాస్త్రంలో 'పిట్ట' అని ఒక ప్రజాతి ఉంది. ఆ శాస్త్రీయ నామం మన తెలుగు మాటే. మద్రాసు సెయింట్ జార్జి కోటలో వైద్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ బక్లీ పంపిన బొమ్మల ఆధారంగా 1713లో ఇంగ్లండులో అచ్చయిన గ్రంథంలో ఈ పక్షిని 'పొన్నంగి పిట్ట' అనే పేరుతోనే పేర్కొన్నారు. ఆ తరువాత 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 'పిట్ట'ను ప్రజాతి పేరుగా స్థిరపరిచాడు. ఆ విధంగా ఆఫ్రికాలో ఉన్నా, ఆస్ట్రేలియాలో ఉన్నా ఈ జాతి పక్షులను పిట్టలనే అంటున్నారు.

దీని వీపు ఆకుపచ్చ, కడుపు లేత గోధుమరంగు, తోక కింద ఎరుపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లని పట్టె. హిందీలో దీన్ని 'నవరంగ్' అనడం అందుకే. చలికాలమంతా దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ గడిపి, మే, జూన్ నెలల్లో మధ్య భారతానికీ హిమాలయ పాదాలకూ చేరి అక్కడ గూడు కడుతుంది. కాబట్టి మన తీరంలో చలికాలపు అతిథి అయిన ఈ పిట్టకు పుట్టినిల్లు ఛత్తీస్‌గఢ్ వంటి ప్రాంతాల అడవులే. ఇది నేల మీద ఎండుటాకులు కెలుకుతూ తిరుగుతుంది కాబట్టి కంటికి సులభంగా దొరకదు. తెల్లవారుజామునా, సందెవేళా రెండు స్వరాల ఈల వినబడితే, ఆ పొదల్లో పిట్ట ఉన్నట్లు గుర్తు. 'విన్నాను' అని రాసుకోవడం కూడా 'చూశాను' అని రాసుకున్నంత విలువైనదే.

ఇదే సమయంలో వచ్చేది చాతకం. నలుపు తెలుపుల ఒళ్లు, తల మీద కుచ్చు ఉన్న కోకిల జాతి పక్షి. దక్షిణాదిలో ఏడాది పొడవునా ఉండే చాతకాలు వేరు. మధ్య, ఉత్తర భారతాలకు వానల ముందు వచ్చేవి ఆఫ్రికా నుంచి, నైరుతి గాలుల వెంట సముద్రం దాటి వస్తాయి. వానచుక్క కోసం నోరు తెరుచుకుని ఉంటుందన్న కవి సమయం అలా ఉంచితే, వానకూ దీనికీ ఉన్న సంబంధం నిజమైనదే. ఆ సంబంధాన్ని తెలుసుకోవడానికే 2020లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు రెండు చాతకాలకు ఉపగ్రహ పరికరాలు అమర్చారు. మీ ఊళ్లో చాతకం మొదట కనిపించిన తేదీని పదేళ్లపాటు రాసిపెట్టితే, అది వానల చరిత్రలో కూడా ఒక పుట అవుతుంది.

వానాకాలం: నత్తగొట్టు కొంగ

జూన్, జూలై నెలల్లో వరి మడుల్లో నీరు నిలిచే వేళకు నత్తగొట్టు కొంగలు కనిపిస్తాయి. బూడిద కలిసిన తెలుపు రంగు, నల్లని రెక్కల అంచులు. ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు. పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. నత్తగుల్లలను పగలగొట్టడానికే ఆ సందు అని ఒకప్పుడు అనుకునేవారు. జాగ్రత్తగా గమనిస్తే కొంగ చాలాసార్లు గుల్లను పగలగొట్టదు. ముక్కు కొనను గుల్ల మూత కిందికి దూర్చి, లోపలి కండరాన్ని తెంపి, నత్తను బయటికి లాగుతుంది. తెలుగులో నత్త పేరుతోనూ, హిందీలో నత్తకున్న 'ఘోంఘా' అనే మాట నుంచి 'ఘోంఘిల్' గానూ దీన్ని పిలుస్తారు. రెండు భాషల రైతులూ దాని తిండినే చూసి పేరు పెట్టారు.

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అనే ఊరుంది. ప్రతి ఏటా వానాకాలంలో అక్కడి చింతచెట్ల మీద ఈ కొంగలు గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు బాగా పడతాయనీ, పంట బాగుంటుందనీ ఊరివారి నమ్మకం. వాటి జోలికి ఎవరినీ రానివ్వరు. అక్కడికి ఎంతో దూరంలో, ఛత్తీస్‌గఢ్ కోర్బా జిల్లాలోని కన్‌కీ గ్రామంలో శివాలయం చుట్టూ ఉన్న చెట్ల మీద ఇవే కొంగలు ఇదే కాలంలో గూళ్లు కడతాయి. అక్కడి ప్రజలు కూడా వీటిని వానల దూతలుగా భావించి కాపాడుకుంటారు. ఒకరి సంగతి మరొకరికి తెలియకుండానే రెండు ఊళ్లూ ఒకే ధర్మాన్ని పాటిస్తున్నాయి.

అయితే ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. తేలుకుంచిలోనూ, టెక్కలి దగ్గర తేలినీలాపురంలోనూ ఈ పక్షులను 'సైబీరియా పక్షులు' అని చెప్పుకుంటారు. దూరం నుంచి వచ్చేవన్నీ సైబీరియావే అన్న భావన ఉత్తరాదిలో కూడా ఉంది. నత్తగొట్టు కొంగ సైబీరియాది కాదు. అది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. నీటిని బట్టి ఇక్కడిక్కడే ప్రయాణం చేస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి ఉంగరం వేసిన కొంగ సుమారు 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది. థాయిలాండ్‌లో ఉంగరం వేసినది సుమారు 1500 కిలోమీటర్ల దూరంలో బంగ్లాదేశ్‌లో దొరికింది. తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ కూడా ఇక్కడివే.

పేరులో ఏముంది అనవచ్చు. ఉంది. విదేశీ అతిథి అనుకుంటే, ఈ ఏడు రాకపోయినా అక్కడేదో జరిగిందిలే అని ఊరుకుంటాం. ఇక్కడే పుట్టిన పక్షి అని తెలిస్తే, అది రాకపోవడానికి కారణం మన చెరువులోనో, మన చెట్లలోనో, మన పొలాల్లో చల్లే మందులోనో ఉందేమో అని వెతుకుతాం. ఆ చెట్టు కొట్టేస్తే దానికి వెళ్లడానికి సైబీరియా లేదు.

దసరా వేళ: పాలపిట్ట

వానలు వెనుకబట్టే అక్టోబరులో దసరా వస్తుంది. ఆ రోజు పాలపిట్టను చూడడం తెలుగువారి ఆచారం. రాయపూర్‌లో తెలుగు కుటుంబాలు పాలపిట్ట కోసం చూస్తుంటే, పొరుగింటి ఛత్తీస్‌గఢీ కుటుంబాలు అదే పక్షిని 'నీలకంఠ్' అనే పేరుతో వెతుకుతాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా ఇదే.

ఈ భక్తి పక్షికి మేలు చేయాలి. కొన్నిచోట్ల కీడు చేస్తోంది. పండుగకు ముందు పాలపిట్టలను పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బు తీసుకునేవారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. పంజరంలో ఉన్న పక్షికి రూపాయి ఇస్తే మరుసటి ఏడు మరో పక్షి పంజరంలోకి వస్తుంది. పాలపిట్ట కరెంటు తీగల మీదా, పొలం గట్ల మీది మోడుల మీదా కూర్చునే పక్షి. దసరా ఉదయం పిల్లలను వెంటబెట్టుకుని ఖారూన్ వైపు పొలాల దాకా నడిస్తే దాన్ని స్వేచ్ఛగా చూసే అవకాశం ఉంటుంది.

ఇంతగా చెప్పడానికి మరో కారణం ఉంది. 2023లో వెలువడిన 'భారత పక్షుల స్థితి' నివేదిక 942 జాతులను పరిశీలించింది. వాటిలో 178 జాతుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలని తేల్చింది. పాలపిట్ట సంఖ్య తగ్గుతోందని, దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్లీ అంచనా వేయాలని అందులో సూచించారు. అంతటా కనిపించే పక్షి తగ్గుతుంటే మన కంటికి తెలియదు. లెక్క రాసినప్పుడే తెలుస్తుంది.

చలికాలం: జక్కవలు, బాతులు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నిజమైన దూరదేశపు అతిథులు వస్తారు. సూది వంటి తోక ఉన్న బాతులు, గరిటె వంటి ముక్కు ఉన్న బాతులు ఉత్తరాసియా నుంచి వస్తాయి. మన కావ్యాలలోని జక్కవలు, అంటే చక్రవాకాలు, లడఖ్, టిబెట్, మధ్య ఆసియా ప్రాంతాలలో పిల్లలను పెంచి, చలికాలానికి మన నదులూ జలాశయాలూ చేరతాయి. నారింజ రంగు ఒంటితో జంటగా కనిపిస్తాయి. తల మీద రెండు నల్లని పట్టెలున్న హంస జాతి బాతు హిమాలయాలు దాటేటప్పుడు 7,000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు ఉపగ్రహ పరికరాలు చూపాయి.

ఇవి దిగే చోట్లు రాయపూర్ చుట్టూ ఉన్నాయి. బేమేతరా జిల్లాలోని గిధ్వా, పరసదా గ్రామాల చెరువుల దగ్గర 2021 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు పక్షుల ఉత్సవం జరిగింది. 2025 డిసెంబరులో బిలాస్‌పూర్ జిల్లాలోని కోప్రా జలాశయం రామ్‌సర్ జాబితాలో చేరింది. ఛత్తీస్‌గఢ్‌కు అదే మొదటి రామ్‌సర్ చిత్తడి నేల. ఈ రెండూ అడవి మధ్య సరస్సులు కావు, ఊరివారు వాడుకునే నీళ్లు. ఊరి అవసరమూ పక్షి అవసరమూ ఒకేచోట తీరగలవని ఇవి చూపుతున్నాయి.

ఒక్కరుగా కాక, సంఘంగా

1931లో సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఈనాటికీ తెలంగాణ పక్షుల లెక్కకు అది పునాది. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఏర్పడింది. తమ వార్తాపత్రానికి 'పిట్ట' అనే పేరు పెట్టుకున్న ఆ సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తోంది. అందులో ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు ఎవరైనా చేరవచ్చు. కావలసినవి తెల్లవారుజామున లేచే ఓపిక, ఒక నోటు పుస్తకం. దుర్భిణి ఉంటే మంచిది, లేకపోయినా ఆరంభించవచ్చు.

అయిదారుగురు కలిస్తే టాటీబంధ్‌లో కూడా ఈ పని చేయవచ్చు. పద్ధతి ఇది. ఒకే చెరువును ఎంచుకోండి. నెలకు ఒకసారి, అదే సమయంలో వెళ్లండి. తేదీ, వేళ, చోటు, ఎంతసేపు చూశారు, ఏ పక్షి ఎన్ని, ఏమి చేస్తోంది అన్నవి రాయండి. పెద్ద గుంపైతే ముందు పది పక్షులను లెక్కపెట్టి, అంత జాగా పట్టే గుంపులు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టండి. బుడుబుంగ, నీటికాకి, లకుముకి పిట్ట, గుడ్డికొంగ వంటి రోజూ కనిపించే వాటిని వదిలేయకండి. పేరు తెలియకపోతే ఊహించి రాయకుండా రంగు, పరిమాణం, ముక్కు ఆకారం రాయండి. గూటి దగ్గరికి వెళ్లకండి.

ఇలా రాసినవి ఈ-బర్డ్ వంటి వేదికలో చేరితే అందరికీ పనికివస్తాయి. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఫిబ్రవరిలో పెరటి పక్షుల లెక్కింపు ఉంది. అందులో పదిహేను నిమిషాలు చూసి రాసినా చాలు. ఇంతకుముందు చెప్పిన 2023 నివేదిక వెనుక 30,000 మందికి పైగా వీక్షకులు పంపిన సుమారు మూడు కోట్ల పరిశీలనలు ఉన్నాయి. వారిలో చాలామంది శాస్త్రవేత్తలు కారు.

చివరిగా ఒక్క మాట. చెరువులో మట్టి పోసి స్థలం చేయాలన్న ప్రతిపాదన ఎక్కడైనా వచ్చినప్పుడు, 'అది ఎందుకూ పనికిరాని గుంట' అనే మాట మొదట వినిపిస్తుంది. ఆనాడు ఊరివారి చేతిలో అయిదేళ్ల నోటు పుస్తకం ఉంటే, ఏ నెలలో ఎన్ని బాతులు దిగాయో, ఎన్ని కొంగలు మేశాయో అందులో ఉంటే, ఆ మాటకు సమాధానం ఉంటుంది. నోటు పుస్తకం లేకపోతే మిగిలేది మన జ్ఞాపకం ఒక్కటే. జ్ఞాపకాన్ని ఏ కార్యాలయమూ సాక్ష్యంగా తీసుకోదు.

వచ్చే ఆదివారం మీ ఊరి చెరువు దగ్గరికి వెళ్లండి. కనిపించిన మొదటి పక్షి పేరు, ఆనాటి తేదీతో సహా రాయండి.